రాఖీకి దొరకని కురుమూర్తి

కాలేజీలో అడుగుపెట్టిన మొదటి రోజే కురుమూర్తి ఒక అమ్మాయికి ధైర్యం చెప్పాడు. ఊరుకున్నా సరిపోయేది. కానీ ఊరుకునే రకం కాదు.

వనపర్తి ఊరి చివర ఉన్న చిన్న డిగ్రీ కాలేజీ అది. కెమిస్ట్రీ ల్యాబ్ పక్కన పొడుగాటి వరండా, అందులో వరసగా బల్లలు. ఒక బల్ల దగ్గర పచ్చ చుడీదార్ వేసుకున్న అమ్మాయి ఒంటరిగా కూర్చుని గేటు వైపు చూస్తోంది. పాపం కొత్తగా వచ్చి బెదిరిపోయినట్టుంది అనుకున్నాడు మనవాడు. తనూ కొత్తే. కానీ ఇంటర్ అయ్యాక రెండేళ్లు తండ్రితో కలిసి వరికోత మిషన్ మీద ఊరూరా తిరిగాడు కాబట్టి లోకమంతా చూసేశానని గట్టి నమ్మకం.

వెళ్లి ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఫస్టియరా?"

ఆ అమ్మాయి కళ్లెత్తి చూసింది.

"భయపడకు. మొదట్ల గిట్లనే ఉంటది. యా ఊరు?"

"గోపాల్‌పేట."

"దగ్గర్నే. మాది అయిజ. చూడు, ఇక్కడ సీనియర్లు జర ఎక్కువ చేస్తరంట. ఎవరన్న ఏమన్న అంటే నా పేరు చెప్పు. మూర్తి అంటే చాలు."

"మూర్తి అంటే భయపడ్తరా?"

"ఇంక తెల్వదు వాళ్లకు. ముందు ముందు తెలుస్తది."

"కెమిస్ట్రీ మస్తు కష్టమంటున్నరు," అంది ఆ అమ్మాయి, నవ్వు రాకుండా పెదవి బిగబట్టి.

"ఏం కష్టం? ఊకె బెదిరిస్తరు. అర్థం గాకుంటే నన్నడుగు."

ఇంటర్లో కెమిస్ట్రీ పరీక్ష రోజున కురుమూర్తికి జ్వరం వచ్చింది. పరీక్ష అయిపోగానే తగ్గింది. ఆ సబ్జెక్టుతో అతని చుట్టరికం అంతవరకే.

అప్పుడే కెమిస్ట్రీ లెక్చరర్ పద్మజ మేడం చేతిలో కాగితాలతో గబగబా వచ్చారు. "సింధూజా, నీకిచ్చిన పిల్లగాడు దొరికిండా? ఆ, ఈయననే. కురుమూర్తీ, ఈమె సింధూజ. ఫైనలియర్. కెమిస్ట్రీల కాలేజీ ఫస్ట్. ఈ సెమిస్టరంత నీకు పాఠం చెప్పేది ఈమెనే."

కురుమూర్తి లేచిన లేవడానికి బల్ల ఎగిరి మోకాలికి తగిలింది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"నమస్తే అక్కా! తెల్వదక్కా! తప్పయిందక్కా!"

సింధూజ బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని చూసింది. "భయపడకు తమ్మీ," అంది. "మొదట్ల గిట్లనే ఉంటది."

పక్క బల్లల మీద వాళ్లు పడి పడి నవ్వారు.

ఆ పథకానికి పద్మజ మేడం పెట్టుకున్న పేరు 'తోడు'. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివొచ్చి, ఇక్కడ ఇంగ్లీషు పుస్తకం చూడగానే కళ్లు తేలేసే పిల్లలే ఎక్కువ ఆ కాలేజీలో. కొందరు దసరా సెలవులకు వెళ్లి మళ్లీ రారు. అది చూసి చూసి మేడానికి కడుపు రగిలింది. చదువు బాగా వచ్చిన ఫైనలియర్ వాళ్లను ఏరి, ఒక్కొక్కరికీ ఒక్కో ఫస్టియర్‌ను అప్పగించి, సాయంత్రం క్లాసులు అయ్యాక వరండాలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు.

కురుమూర్తికి ఆ తోడు సరదా కాదు. అయిజలో బస్సెక్కించేటప్పుడు తండ్రి వెంకటన్న ఒకే మాట చెప్పాడు. "నీ మాట మీద పంపిస్తున్న. మొదటి పరీక్షల కెమిస్ట్రీ తప్పినవంటే ఇంక మాటల్లేవ్. సక్కగొచ్చి మిషనెక్కు." వెంకటన్న అన్నాడంటే అన్నట్టే. మిషన్ మీద దుమ్ము, దురద, తిట్లు అన్నీ అనుభవించినవాడు కాబట్టి కురుమూర్తికి చదువుకోవాలన్న కోరిక నిజంగానే ఉంది. కోరిక ఉంటే సరిపోతుందా? కెమిస్ట్రీ రావాలి కదా.

సింధూజ పాఠం చెప్పే పద్ధతి పుస్తకంలో ఉండేది కాదు.

"అమ్మోనియాల నైట్రోజన్ చుట్టు నాలుగు జంటలుంటయి. మూడు జంటలు హైడ్రోజన్ తోటి పంచుకున్నయి. నాలుగోది ఒంటరిది, లోన్ పెయిర్. అర్థమైందా?"

"ఆ," అన్నాడు కురుమూర్తి. అర్థం కాలేదు.

"ఏమర్థమైంది?"

"ఒంటరిది అని."

సింధూజ పుస్తకం మూసేసింది. "అయిజ బస్సెక్కినవా ఎప్పుడన్న, సంత రోజు?"

"ఎక్కకేం?"

"సీట్ల నలుగురు ఒదిగి కూసున్నరు. అందుల ఒకాయన ఒళ్లో పెద్ద మూట పెట్టుకొని కూసున్నడు. ఏమైతది?"

"ఏమైతది, ఆయన జాగ ఎక్కువ తీసుకుంటడు. పక్కోళ్లు నలుగుతరు."

"గా మూటాయననే లోన్ పెయిర్. మిగిలిన ముగ్గురిని దగ్గరికి నూకుతడు. అందుకనే నూట తొమ్మిదిన్నర డిగ్రీలు ఉండాల్సిన కోణం నూట ఏడు అయితది."

కురుమూర్తి కాసేపు గాల్లోకి చూశాడు. "మరి నీళ్లల్ల?"

"నువ్వే చెప్పు. రెండు లోన్ పెయిర్లు."

"ఇద్దరు మూటలోళ్లు! ఇంక మిగిలిన ఇద్దరి పని అయిపాయె!"

ఆమె పెద్దగా నవ్వింది. సరిగ్గా అప్పుడే రేకుల మీద వాన దబదబా మొదలైంది. జల్లు వరండాలోకి కొడుతుంటే అందరూ బల్లలు గోడ వైపు లాక్కున్నారు. సింధూజ ముంగురుల మీద నాలుగు చినుకులు పడి నిలిచాయి. ఆమె తుడుచుకోలేదు. కురుమూర్తి ఆ చినుకుల్నే చూస్తూ కూర్చున్నాడు. తనకు జీవితంలో మొదటిసారి కెమిస్ట్రీ అర్థమైందని, దానితో పాటు ఇంకొకటి కూడా మొదలైందని అతనికి తెలిసిపోయింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ కాలేజీలో ఒక్క ఏడాది ముందున్నా అన్న, అక్క. వయసుతో పని లేదు. లెక్కకు కురుమూర్తే ఆమెకన్నా కొన్ని నెలలు పెద్ద. కానీ అందరి ముందూ ఒకే ఊపిరిలో మూడుసార్లు 'అక్కా' అన్నవాడు ఏ ముఖం పెట్టుకుని వెనక్కి తీసుకుంటాడు? అందుకని ఆ వాన రోజు నుంచి ఆమెను ఏమీ పిలవడం మానేశాడు. పిలవాల్సి వస్తే దగ్గేవాడు.

"జలుబా?" అంది సింధూజ ఒకరోజు.

"గాదు."

"మరి ఊకె దగ్గుతవేంది? దవాఖానకు పో."

రూములో సాంసన్‌కు మాత్రం చెప్పుకున్నాడు. సాంసన్‌ది ఖిల్లా ఘణపూర్. ఫస్టియరే. మనిషి మంచివాడు, తిండి దగ్గర మాత్రం ఎవరి మాటా వినడు.

"ఇష్టముంటే చెప్పెయ్ భై," అన్నాడు సాంసన్, ఉప్మా తింటూ.

"ఎట్ల చెప్పాలె? నాకు కెమిస్ట్రీ రాదు. ఫెయిలైతే మిషనెక్కుత. మొదలు పాసైత, అప్పుడు చెప్త."

"అప్పటిదాంక?"

"దగ్గుత."

ఆ ఏర్పాటు బాగానే సాగేది. కానీ ఎవరో పని లేనివాడు వెళ్లి ప్రిన్సిపాల్ చెవిలో ఊదాడు: వరండాలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి కూర్చుంటున్నారు, నవ్వులు గేటు దాకా వినిపిస్తున్నాయి అని. ఆయన పద్మజ మేడాన్ని పిలిచి, చూసుకోండమ్మా అన్నారు. పద్మజ మేడానికి అది తల కొట్టేసినట్టయింది. మరుసటి రోజు వరండా మధ్యలో నిలబడి చేతులు తట్టారు.

"ఎల్లుండి రాఖీ పండుగ. సెలవు. అందుకని రేపే మన దగ్గర చేసుకుంటున్నం. పాఠం చెప్పే అక్కలందరు తమ తమ్ముళ్లకు రాఖీ కట్టాలె. పాఠం చెప్పే అన్నలకు చెల్లెండ్లు కట్టాలె. అందర్ని ఫోటో తీసి నోటీసు బోర్డు మీద పెడ్త. ఇంక ఎవడు మాట్లాడ్తడో నేను చూస్త!"

అందరూ చప్పట్లు కొట్టారు. కురుమూర్తి చేతిలో పెన్ను కింద పడింది. సింధూజ వంగి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

'అక్కా' అన్న మాటనైతే ఏదోలా మరిపించవచ్చు. రాఖీ అలా కాదు. ఒక్కసారి కట్టించుకుంటే జన్మంతా కట్టించుకున్నట్టే. ఏటేటా చీర పెట్టాలి. ఆమె పెళ్లికి పందిరి గుంజలు పాతాలి. బావగారి కాళ్లు కడగాలి. ఆ ముఖం తెలియని బావను తలుచుకుంటేనే కురుమూర్తికి ఒళ్లు మండిపోయింది.

రూముకు రాగానే మంచం మీద కూలబడ్డాడు.

"సాంసన్, పరేషాన్ల ఉన్న భై. నువ్వు నయం. మేం చర్చికి పోతం, మాకు రాఖీ లేదు అంటే అయిపాయె."

"గట్లెందుకంట? రాఖీ కడితే లడ్డు గూడ పెడ్తరంట. మా క్లాసుల ఐదుగురు ఆడపిల్లలకు మాటిచ్చిన."

"రేపు పోకుంటే?"

"పండుగెళ్లినంక కడ్తది. పున్నమి దాటినా రాఖీ రాఖీనే. చెయ్యి ఖాళీగ ఉందంటే నీకు బతుకు లేదు."

చెయ్యి ఖాళీగా ఉండకూడదు. ఆ మాట పట్టుకున్నాడు కురుమూర్తి. బంగారంలాంటి ఆలోచన వచ్చిందనుకున్నాడు. ఆలోచన వచ్చిన క్షణంలో ఎవడికైనా అలాగే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో పండగ సందడి. పళ్లేల్లో రాఖీలు, పసుపు కుంకుమలు, లడ్డూలు. అందులోకి కురుమూర్తి నడిచొచ్చాడు. రెండు చేతులకూ మోచేతుల నుంచి వేళ్ల మొదళ్ల దాకా తెల్లటి కట్లు. సాంసన్ ఉత్సాహం కొద్దీ మెడికల్ షాపులో ఉన్న దూదంతా చుట్టేశాడు. రెండు తలగడలు మోసుకొస్తున్నట్టుంది.

"అయ్యో కొడుకా! ఏమైంది?" పద్మజ మేడం పరుగెత్తుకొచ్చారు.

"బండి మీదికెళ్లి పడ్డ మేడం."

"రెండు చేతులా?"

"ఒక చెయ్యికే దెబ్బ తగుల్తే రెండోదానికి..." అని మొదలుపెట్టి, నిజం బయటికి రాబోతుంటే నాలుక కరుచుకున్నాడు. "ఆ మేడం. రెండు."

మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. అటెండర్ అనంతయ్య స్టూలు వేసి కూర్చోబెట్టి, లడ్డూ తుంచి తుంచి నోట్లో పెట్టాడు. ఎదురుగా సాంసన్ మణికట్టు నుంచి మోచేతి దాకా రాఖీలు మెరిపిస్తూ ఇంకో లడ్డూ అందుకున్నాడు.

సింధూజ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నింపాదిగా దగ్గరికొచ్చింది.

"యాడ పడ్డవ్?"

"గద్వాల రోడ్డు మీద."

"చేతుల మీద పడ్డవా?"

"ఆ."

"మొకం మీద గీత గూడ పడలె."

"దేవుడి దయ."

"అంగి గూడ చినగలె."

"అది... గట్టి గుడ్డ."

ఆమె అలా చూస్తూ నిలబడింది. ఆ చూపుకు కురుమూర్తి దగ్గాడు.

"రాఖీ సంగతి ఏం రంది పెట్టుకోకు," అన్నారు మేడం కళ్లు తుడుచుకుంటూ. "ఎవరన్న మర్చిపోయి వస్తరని ఒకటి ఎక్కువ తెచ్చిన. నా సొరుగుల పెడ్త. కట్లు ఇప్పిన రోజే సింధూజతోని కట్టిద్దం. ఒక్కడు మిగిలినా నా పథకానికి మాటొస్తది." అంటూనే ఉలిక్కిపడ్డారు. "అవునూ, సోమారం కెమిస్ట్రీ పరీక్ష గదా! ఎట్ల రాస్తవ్ కొడుకా?"

కురుమూర్తికి నోట్లో లడ్డూ అక్కడే ఆగిపోయింది.

రాఖీ గురించి అన్ని వైపుల నుంచీ ఆలోచించాడు కానీ, పెన్ను పట్టుకోవడానికి కూడా అవే చేతులు కావాలన్న సంగతి తట్టలేదు. కట్లు ఇప్పితే రాఖీ. ఇప్పకపోతే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే మిషను. మిషనెక్కితే సింధూజ అక్కా కాదు, ఇంకేమీ కాదు. వనపర్తే ఉండదు.

"మేడం, నేను రాస్త," అంది సింధూజ. "ఆయన చెప్తడు. నేను రాస్త."

"నీ సొంతం ఒక్క ముక్క ఉండొద్దు మరి. ఆయన నోట్ల నుంచి వచ్చిందే రాయాలె."

"అట్లనే మేడం."

సోమవారం లోపు ఆ రెండు రోజులూ కురుమూర్తికి అన్నం సహించలేదు. తినిపించడానికి సాంసన్ సిద్ధంగానే ఉన్నా సహించలేదు. తన కోసం ఆ పిల్ల సెలవు మానుకుని, ఫోన్లో పాఠాలన్నీ మళ్లీ వల్లె వేయించింది. "చెప్పు, నీళ్లల్ల కోణమెంత?" అని ఆమె అడుగుతుంటే, ఇంత మంచి మనిషిని మోసం చేస్తున్నానని లోపల గుచ్చుకునేది. అయినా కట్టు ఇప్పడానికి మాత్రం చెయ్యి రాలేదు.

సోమవారం పొద్దున వాళ్లిద్దరినీ ల్యాబ్ పక్క చిన్న గదిలో కూర్చోబెట్టారు. కాపలాకు అనంతయ్య. ఆయన తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించి, ప్రశ్నపత్రం ఇచ్చేలోపే కునుకు తీశాడు.

"మొదటి ప్రశ్న. అమ్మోనియా ఆకారం," అన్నాడు కురుమూర్తి. "అంటే... జర ఆగు..."

పెన్ను కదిలింది.

"ఏం రాసినవ్?"

"'అంటే, జర ఆగు.'"

"గది గూడ రాస్తరా?"

"నీ నోట్ల నుంచి వచ్చిందే రాయాలన్నరు." అంటూనే ఆ మాట కూడా రాసేసింది.

"అయ్యో, కొట్టెయ్!"

సింధూజ శ్రద్ధగా 'అయ్యో, కొట్టెయ్' అని రాసింది.

కురుమూర్తి నోరు మూసుకుని, బాగా ఆలోచించి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. నైట్రోజన్, నాలుగు జంటలు, మూటాయన, నూట ఏడు. ఒక్క తప్పు లేదు. రాస్తున్న సింధూజ ముఖం మెల్లగా వెలిగింది. వాడికి వచ్చేసింది! నిజంగానే వచ్చేసింది!

మొదటి ప్రశ్న అయిపోయింది. రెండో ప్రశ్న సగంలో ఉండగా ఆమె చేతిలో పెన్ను జారి, బల్ల అంచు దాకా దొర్లి, కింద పడబోయింది.

టక్కున పట్టుకున్నాడు కురుమూర్తి. గాల్లోనే. కుడిచేత్తో.

తలుపు దగ్గర అనంతయ్య గురక పెడుతున్నాడు.

"మస్తు పట్టినవ్," అంది సింధూజ.

"అది... నొప్పి లేసింది."

"ఇంకోసారి దొర్లించాల్నా?"

అతను పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఇక లాభం లేదు.

"చేతులు విరగలె," అన్నాడు.

"తెల్సు."

"ఎప్పుడు తెల్సింది?"

"మొన్ననే. లడ్డు తినుకుంట ఈగను కొట్టినవ్. ఎందుకు గట్ల చేసినవ్?"

కురుమూర్తి దగ్గబోయి మానుకున్నాడు. "నాకు రాఖీ వద్దు. మిషనెక్కమంటే ఎక్కుత. నీ చేతి రాఖీ మాత్రం నాతోని గాదు."

సింధూజ కిటికీ లోంచి బయటికి చూసి, మళ్లీ అతని వైపు తిరిగింది.

"ఆ రోజు నా చేతుల ఏమున్నదో చూసినవా?"

"లేదు."

"ఎట్ల చూస్తవ్? నీ తలగడలే నీకాయె. నేను రాఖీ కొననే లేదు. ఇంట్ల మర్చిపోయిన అని మేడంకు చెప్దామని, బస్సుల ఊరి నుంచి ఇక్కడిదాంక అదే అబద్ధం వల్లె వేసుకుంట వచ్చిన. వచ్చి చూస్తే నువ్వు నాకన్న పెద్ద అబద్ధం చుట్టుకొని కూసున్నవ్."

కురుమూర్తికి వినిపించింది కానీ తలకెక్కలేదు. "అంటే?"

"అంటే ఏందో గది గూడ బస్సు సీటు లెక్క చెప్పాల్నా?"

అప్పుడు ఎక్కింది. ఎక్కిన మరుక్షణం అతని ముఖం చూడాలి మీరు. వరికోత మిషన్ కొత్తది కొనిచ్చినా అంత వెలుగు ఉండదు.

"ముందల కట్టు ఇప్పు," అంది సింధూజ గడియారం చూసి. "నా దస్తూరీతోని కాదు, నీ చేత్తోని రాసి పాసు గావాలె. నువ్వు ఫెయిలైతే మీ నాయిన తీస్కపోతడు. తీస్కపోతే నేనెవరికి చెప్పాలె పాఠం? ఇంక ముప్పావు గంటనే ఉన్నది."

సాంసన్ వేసిన ముడి అంత తేలిగ్గా ఊడుతుందా? ఇద్దరూ కలిసి లాగుతుంటే గదంతా దూది ఎగిరింది. ఆ పీచు ముక్కులోకి పోయి అనంతయ్య తుమ్మి లేచాడు. బల్ల మీద రెండు ఆరోగ్యమైన చేతులు చూసి దండం పెట్టాడు.

"మూడు రోజులల్ల నయమైంది! నా లడ్డు మహిమ!" అంటూ మేడాన్ని పిలవడానికి పరుగు తీశాడు. సింధూజ ఆగమనేలోపే వరండా దాటేశాడు.

కురుమూర్తి రాస్తున్నాడు. మొదటి రెండు ప్రశ్నలు కొత్త కాగితం మీద పూర్తయ్యాయి. మూడోది మొదలుపెట్టగానే పద్మజ మేడం ఆనందంతో లోపలికి వచ్చారు. చేతిలో సొరుగులోని రాఖీ. ఎర్రది. మధ్యలో పెద్ద పువ్వు.

"దేవుడున్నడు కొడుకా! సింధూజా, పట్టు. ఇప్పుడే కట్టెయ్. రాసుకుంటనే ఉండనీ, ఎడమ చెయ్యికి కట్టు."

కురుమూర్తి పెన్ను ఆగిపోయింది.

"నువ్వు తలెత్తకు," అంది సింధూజ. "మూడో ప్రశ్న రాయి."

తర్వాత లేచి నిలబడింది.

"మేడం, నేను కట్ట."

"ఎందుకమ్మా?"

"నాకు ఈయనంటే ఇష్టం మేడం. అబద్ధం చెప్పి తప్పించుకుందామనుకున్న, కాని మీ ముందల అబద్ధం రాదు. తోడుండుమన్నరు, ఉంట. పాఠం చెప్పుమన్నరు, చెప్త. రాఖీ మాత్రం కట్ట. కట్టే రోజు వస్తే కట్టేది నేను గాదు. మా ఇద్దరి చదువులయి, ఇంట్ల పెద్దోళ్లు ఒప్పుకున్ననాడు, మూడు ముళ్లు ఆయననే వేస్తడు."

అనంతయ్య తలుపు పట్టుకున్నాడు. మేడం రాఖీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కురుమూర్తి తల ఎత్తలేదు. ఎత్తొద్దంది కదా. కాగితం మీద అక్షరాలు మసగ్గా కనబడుతుంటే భుజంతో కళ్లు తుడుచుకుని నీటి అణువు కోణం రాస్తున్నాడు.

"కురుమూర్తీ, నువ్వేమంటవ్?" అన్నారు మేడం చివరికి.

"ఇంకా నాలుగు లైన్లున్నయి మేడం. జర ఆగుండ్రి."

మేడానికి కోపం రావాలి. రాబోయింది కూడా. కానీ రెండు నెలల క్రితం నైట్రోజన్ పేరు సరిగ్గా పలకలేని పిల్లవాడు, పక్కన పిడుగు పడ్డా తల ఎత్తకుండా కెమిస్ట్రీ రాస్తున్నాడు. పదేళ్ల ఉద్యోగంలో ఆమె చూడాలనుకున్నది అదే. ఆమె పెదవులు అటూ ఇటూ కదిలి, చివరికి నవ్వులో పడ్డాయి.

"ఈ రాఖీ ఏం చెయ్యాలె మరి?" అన్నారు.

కిటికీ లోంచి సాంసన్ తల కనబడింది. ఎప్పుడొచ్చాడో. "మేడం, నాది ఎడమ చెయ్యి ఖాళీనే ఉంది. లడ్డు ఉన్నదా?"

వారానికి మార్కులు నోటీసు బోర్డు మీదికొచ్చాయి. కురుమూర్తి పాసయ్యాడు, అంచు మీద కాదు, దర్జాగా. ఫోన్లో ఆ సంగతి విని వెంకటన్న, "మిషన్ ఓనరు అడుగుతుండు, నీ కొడుకు ఎప్పుడొస్తడని," అన్నాడు. "ఇంక రాడని చెప్పిన." ఆ గొంతులో గర్వం దాగలేదు.

సాయంత్రం వరండాలో ఆ సంగతి చెబితే సింధూజ సంతోషంగా విని, వెంటనే చేతులు కట్టుకుంది.

"అంత మంచిగనే ఉంది. ఆ రోజు మేడం ముందల, అనంతయ్య ముందల నేను నోరిప్పి చెప్పిన. నువ్వేం చెప్పినవ్? రాఖీ వద్దన్నవ్, గంతే. ఏం కావాల్నో ఇప్పటిదాంక చెప్పలె."

"ఇప్పుడా? అందరున్నరు."

"నేను చెప్పినప్పుడు లేకుండెనా?"

కురుమూర్తి చుట్టూ చూశాడు. ప్రతి బల్ల మీదా ఒక సీనియరూ ఒక జూనియరూ పుస్తకాల్లో తలలు పెట్టి, చెవులు మాత్రం ఇటే వదిలి కూర్చున్నారు. అతను లేచి నిలబడ్డాడు. ఈసారి బల్ల తగల్లేదు.

"నాకు నువ్వు కావాలె సింధూజా," అన్నాడు గట్టిగా. రేకుల మీద వాన పడుతోంది కాబట్టి నిజంగానే గట్టిగా అనాల్సి వచ్చింది. "నువ్వంటే నాకు పానం."

సింధూజ ముఖం ఎర్రబడింది. అడిగి చెప్పించుకుంది కానీ, తీరా వినేసరికి ఎక్కడ చూడాలో తెలియక పుస్తకంలోకి చూసింది.

ల్యాబ్ లోపలి నుంచి పద్మజ మేడం గొంతు వినిపించింది. "విన్నం, అందరం విన్నం! ఇంక రెండో యూనిట్ తెరువుండ్రి!"